పేరునిచ్చిన మాష్టారు

‘ది రోబ్’ అనే ఆంగ్ల చిత్రం చూసినవారు మన పాఠకులలో కొందరైనా ఉండి ఉంటారు. ప్రభువును సిలువ వేసిన సైనికులకు అధికారిగా ఉండి, ఆయన అంగీని జూదంలో గెలుచుకొని, చివరకు ఆయన కొరకే ప్రాణమిచ్చిన మార్సెల్లస్ అనే రోమీయుని కథ అది. 1953లో వచ్చింది. ఆ పాత్ర వేసిన రిచర్డ్ బర్టన్ పదకొండేళ్ల తరువాత ‘బెకెట్’ చిత్రంలో కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి, వేదసాక్షి అయిన పునీత తోమాస్ బెకెట్‌గా కనిపించాడు. ఆ కంఠం ఒకసారి విన్నవారు అంత తేలికగా మరచిపోరు. కాని ఆ గంభీరస్వరం అతడికి సాధనతో వచ్చింది. బర్టన్ అనే ఇంటిపేరైతే అసలు పుట్టినింటిది కానే కాదు. సాధన చేయించినవారు, పేరునిచ్చినవారు ఒక్కరే. ఆయన ఒక బడిపంతులు.

బ్రిటన్ పడమటి భాగంలో ఉన్న వేల్స్ కొండలూ లోయల దేశం. దాని దక్షిణాన ఆ లోయల నిండా ఒకప్పుడు బొగ్గుబావులే. ప్రజల భాష వెల్ష్. అది ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం కూడా కాదు. అక్కడి పాంట్‌రిడవెన్ అనే పల్లెలో 1925 నవంబరు 10న రిచర్డ్ వాల్టర్ జెంకిన్స్ జన్మించాడు. పదముగ్గురు సంతానంలో పన్నెండవవాడు. తండ్రి పేరూ అదే. ఆయన బొగ్గుబావి కార్మికుడు. మంచి మాటకారి, పనిమంతుడు కూడా. అయితే కూలి డబ్బు చేతిలో పడితే తాగుడుకూ జూదానికీ పోగా మిగిలినదే ఇల్లు చేరేది. కొన్నిసార్లు మనిషే రోజుల తరబడి ఇల్లు చేరేవాడు కాదు. అంతమంది పిల్లల కడుపు నింపే భారమంతా తల్లి ఈడిత్ మీదనే ఉండేది.

1927 అక్టోబరులో ఆమె పదమూడవ బిడ్డను కన్నది. కొద్ది రోజులకే బాలింత జ్వరం వచ్చి, ఆ నెల 31వ తేదీన కన్నుమూసింది. ఆమెకు 44 ఏళ్లు. రిచర్డుకు ఇంకా రెండేళ్లు నిండలేదు. తల్లి ముఖం ఎలా ఉంటుందో కూడా అతడికి జ్ఞాపకం ఉండే వయసు కాదు.

చిన్నపిల్లలను పెద్ద పిల్లలే పంచుకున్నారు. పురిటిబిడ్డను ఒక అన్న తీసుకున్నాడు. రిచర్డును అక్క సెసీలియా ఎత్తుకుపోయింది. ఇంట్లో అందరూ ఆమెను సిస్ అని పిలిచేవారు. ఆమె భర్త ఎల్ఫెడ్ కూడా బొగ్గుబావిలోనే పని. పోర్ట్ టాల్బట్ అనే ఉక్కు పట్టణాన్ని ఆనుకొని ఉన్న టైబాక్‌లో వారి కాపురం. అప్పటికి సిస్‌కు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. కొత్త కాపురంలోకి తల్లిలేని తమ్ముణ్ణి తెచ్చుకొని, తరువాత తనకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టినా వాణ్ణి పరాయివాడిగా చూడలేదు. ఈ కథ చెప్పేవారు సాధారణంగా త్వరత్వరగా మాష్టారి దగ్గరకు వచ్చేస్తారు. ఆ అక్క లేకపోతే మాష్టారి చేతికి అందడానికి కుర్రవాడే ఉండేవాడు కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోరు.

ఆ ఇంట్లో ప్రేమకు లోటులేదు, డబ్బుకే కటకట. 1930ల ఆర్థికమాంద్యంలో దక్షిణ వేల్స్ లోయలు ఆకలితో అలమటించాయి. కుర్రవాడు ఇంటింటికీ పత్రికలు వేసి, గుర్రపు పేడ మోసి, చిన్న చిన్న పనులకు తిరిగి చిల్లర సంపాదించేవాడు. ఇంట్లో వెల్ష్ మాట్లాడి, బడిలో ఇంగ్లీషు నేర్చుకున్నాడు. 1937లో పోర్ట్ టాల్బట్ సెకండరీ పాఠశాలలో చేరాడు. వారి ఇంట్లో అంతటి చదువుకు వెళ్లిన మొదటివాడు అతడే.

అక్కడితో బాగుపడి ఉంటే కథ చాలా చిన్నదై ఉండేది. 1941లో యుద్ధం నడుస్తున్న రోజుల్లో చదువు ఆగిపోయింది. ఇంట్లో డబ్బు చాలడం లేదు. కుర్రవాడికీ బడి మీద విసుగు పుట్టింది. సహకార దుకాణంలో చేరి, రేషను కూపన్లు తీసుకొని సరుకులిచ్చే పని చేశాడు. ఆ పని అతడికి ఏమాత్రం నచ్చలేదు. ఒకసారి మానేసిన పిల్లవాణ్ణి మళ్లీ బడిలో చేర్చుకోవడం అప్పట్లో చాలా అరుదు. అయినా అతడి పాత ఉపాధ్యాయుడొకరు, స్థానిక కౌన్సిలరొకరు పూనుకొని మాట్లాడారు. 1942లో రిచర్డ్ తిరిగి బడి మెట్లెక్కాడు. ఒక పిల్లవాడి కోసం పెద్దలు ఎవరినో ఒక మాట అడగడం అంత పెద్ద విషయంగా కనిపించదు. ఇక్కడ ఒక జీవితం ఆ మాట మీదనే మలుపు తిరిగింది.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు ఫిలిప్ బర్టన్. 1904 నవంబరు 30న మౌంటెన్ యాష్ అనే బొగ్గు ఊళ్లో పుట్టారు. ఆయన తండ్రీ బొగ్గుబావి కార్మికుడే. ఫిలిప్‌కు 14 ఏళ్ల వయసులో బావిలో జరిగిన ప్రమాదంలో ఆ తండ్రి మరణించాడు. ఫిలిప్ కష్టపడి చదివి పట్టా తెచ్చుకున్నారు. నాటకమంటే ప్రాణం. బడి నాటకాలు ఆడించేవారు, బి.బి.సి. రేడియోకు నాటకాలు రాసేవారు. పెళ్లి చేసుకోలేదు. ఒక గది అద్దెకు తీసుకొని, ఇంటావిడ పెట్టిన భోజనం తిని, పుస్తకాల మధ్య బతికే మనిషి. వైమానిక దళ శిక్షణ పొందే కుర్రవాళ్ల దళానికి కూడా ఆయనే అధికారి. దుకాణంలో కూపన్లు లెక్కపెట్టే రోజుల్లోనే రిచర్డ్ ఆ దళంలో చేరి మళ్లీ ఆయన కంట పడ్డాడు.

1943లో మాష్టారు ఉంటున్న ఇంట్లోనే ఒక గది ఖాళీ అయింది. సిస్ ఒప్పుకొన్న మీదట కుర్రవాడు అక్కడికి మారాడు. ఆ ఒప్పుకోలు మాటల్లో చెప్పినంత సులువు కాదు. పదిహేనేళ్లు కన్నబిడ్డలా పెంచినవాణ్ణి వాడి మేలు కోసమే ఇంకొకరి ఇంటికి పంపడం అది.

ఇక సాధన మొదలైంది. బడి గంటల తరువాత, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాలు. ఇంగ్లీషు మాటలో బరువుగా వినిపించే వెల్ష్ యాసను సరిచేయడం. ఏ కత్తి, ఏ చెంచా ఎప్పుడు పట్టాలో నేర్పడం. సెలవు దొరికితే ఇద్దరూ ఊరి వెనుక కొండ ఎక్కేవారు. కుర్రవాణ్ణి ఒకచోట నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకాల ప్రసంగాలు చెప్పమని, మాష్టారు కొండ మీద దూరదూరంగా నడిచి వెళ్లేవారు. అరవకూడదు. గొంతు పెంచకూడదు. అంత దూరంలోనూ ప్రతి అక్షరమూ ఆయన చెవిన పడాలి. వినబడకపోతే మళ్లీ మొదటినుండి. తరువాతి కాలంలో లండనులోనూ న్యూయార్కులోనూ నాటకశాల చివరి వరుసలో కూర్చున్నవారికి వినిపించిన స్వరం ఆ కొండగాలిలో సాన పట్టినదే.

మాష్టారు అతణ్ణి చట్టప్రకారం దత్తత తీసుకోవాలనుకున్నారు. వచ్చిన చిక్కు ఏమిటంటే, దత్తత తీసుకునేవారు బిడ్డకంటే కనీసం 21 ఏళ్లు పెద్ద అయి ఉండాలని నియమం. ఇద్దరి పుట్టినరోజులూ పైన ఇచ్చాము, పాఠకులే లెక్క చూసుకోవచ్చు. సరిగ్గా 20 రోజులు తక్కువ! దత్తత కుదరక, సంరక్షకునిగా ఒప్పందం రాయించుకున్నారు. 1943 డిసెంబరు 17న కన్నతండ్రి దానిమీద సంతకం చేశాడు. జెంకిన్స్ కాస్తా బర్టన్ అయ్యాడు. ఆ సంతకం చేసిన తండ్రిని తప్పుపట్టడం తేలిక. బిడ్డకు తాను ఇవ్వలేనిది మరొకరు ఇస్తారని అతడు గ్రహించాడేమో, ఆ ఒక్క గ్రహింపును అతడి ఖాతాలో వేయడం న్యాయమనిపిస్తుంది.

ఆ సంవత్సరమే ఎమ్లిన్ విలియమ్స్ అనే నాటకరచయిత వెల్ష్ మాట్లాడే కుర్రవాడు కావాలని పత్రికలో ప్రకటన వేశాడు. మాష్టారు తన శిష్యుణ్ణి పంపారు. ‘ది డ్రూయిడ్స్ రెస్ట్’ నాటకంలో చిన్న వేషం దొరికింది. ఈ విలియమ్స్ కథ కూడా వినదగినదే. అతడూ పేద వెల్ష్ ఇంటివాడే. మిస్ కుక్ అనే ఉపాధ్యాయిని అతణ్ణి పట్టుదలగా చదివించి ఆక్స్‌ఫర్డుకు పంపింది. ఆమెను తలచుకొనే 1938లో ‘ది కార్న్ ఈజ్ గ్రీన్’ నాటకం రాశాడు. ఒక పంతులమ్మ చేతిలో పైకి వచ్చినవాడే మరో పంతులుగారి శిష్యుడికి మొదటి తలుపు తీశాడన్నమాట.

1944లో రిచర్డ్ వైమానిక దళం తరఫున ఆక్స్‌ఫర్డులోని ఎక్సిటర్ కళాశాలలో ఆరునెలలు చదివాడు. 1947 చివరలో దళం నుండి విడుదలై నాటకరంగానికి వచ్చాడు. 1951లో స్ట్రాట్‌ఫర్డులో రాకుమారుడు హాల్‌గా, 1953లో లండన్ ఓల్డ్ విక్‌లో హామ్లెట్‌గా పేరు మారుమోగింది. హాలీవుడ్ పిలిచింది. ఆ తరువాతి కీర్తి, ధనం లోకానికి తెలిసినవే.

తెలిసినవాటిలో దుఃఖకరమైనవీ ఉన్నాయి. 1949లో సిబిల్ అనే నటిని పెళ్లాడి ఇద్దరు ఆడపిల్లల తండ్రి అయినవాడు, ‘క్లియోపాత్ర’ చిత్రం తీస్తున్నప్పుడు 1962లో రోములో ఎలిజబెత్ టేలర్ వెంట పడ్డాడు. వాటికన్ వారపత్రికలో కూడా దానిమీద ఘాటైన విమర్శ వచ్చింది. 1963లో సిబిల్‌తో విడాకులయ్యాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మాష్టారు మాట్లాడడం మానేశారు. అప్పటికి ఆయన అమెరికాలో స్థిరపడి, నాటకం బోధిస్తూ ఉన్నారు. సిబిల్ పట్ల ఆయనకు ఎంతో వాత్సల్యం. పెంచిన చేతులు పెంచినంత మాత్రాన చేసినదంతా సమర్థించాలని ఆయన అనుకోలేదు. దాదాపు రెండేళ్లు ఇద్దరి మధ్యా మాటలు లేవు. 1964లో టొరంటోలో రిచర్డ్ మళ్లీ హామ్లెట్‌కు సిద్ధమవుతుండగా కబురు వెళ్లింది, మాష్టారు వచ్చారు. కబురు పెట్టింది ఎలిజబెత్. ఆయన వచ్చి పూర్వంలాగే తప్పులు దిద్దారు. ఆ నాటకం న్యూయార్కులో 130కి పైగా ప్రదర్శనలు నడిచింది.

స్వరం సరిదిద్దగలిగిన మాష్టారు ఒక్కదాన్ని మాత్రం సరిదిద్దలేకపోయారు. తండ్రి తాగుడు కొడుకుకూ వచ్చింది. బాల్యం దాటకముందే మొదలైన అలవాటు చివరిదాకా వదలలేదు. ఏడుసార్లు ఆస్కారు బహుమతికి పేరు వెళ్లినా ఒక్కసారీ రాలేదు. 1984 ఆగస్టు 5న, 58 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావమై స్విట్జర్లాండులో మరణించాడు. అక్కడి సెలీన్యీ గ్రామ సమాధుల తోటలో పూడ్చారు.

అంతకు చాలా ముందు, 1970 నవంబరు 10న, సరిగ్గా తన 45వ పుట్టినరోజున, బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన సి.బి.ఇ. బిరుదు అందుకోవడానికి రిచర్డ్ బకింగ్‌హామ్ రాజభవనానికి వెళ్లాడు. వెంట ఇద్దరిని తీసుకువెళ్లాడు. ఒకరు భార్య ఎలిజబెత్. రెండవవారు సిస్.

ఫిలిప్ బర్టన్ శిష్యుని తరువాత పదేళ్లకు పైగా జీవించారు. తమ ఇద్దరి కథను 1992లో పుస్తకంగా రాసి, 1995 జనవరిలో 90 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలో కన్నుమూశారు. రిచర్డ్ శతజయంతి సంవత్సరమైన 2025లో వారి కథతో ‘మిస్టర్ బర్టన్’ అనే చిత్రం విడుదలైంది. ఆ పేరు శిష్యుణ్ణి ఉద్దేశించి పెట్టింది కాదు, మాష్టారిని ఉద్దేశించి పెట్టినది.