పాలకపక్షంలో ఉండి లెక్క అడిగిన ఫిరోజ్ గాంధీ

చట్టసభలో ప్రశ్నలు వేయడం ప్రతిపక్షం వారి పని అనుకుంటాం. అధికార పార్టీలో ఉంటూనే, మామగారు ప్రధానిగా ఉన్న ప్రభుత్వాన్ని నిలదీసిన సభ్యులు శ్రీ ఫిరోజ్ గాంధీ.

ఆయన 1912 సెప్టెంబరు 12న బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించారు. అలహాబాదులో విద్యార్థిగా ఉండగా స్వాతంత్ర్యోద్యమంలో చేరి జైలుకు వెళ్లారు. 1942లో శ్రీమతి ఇందిరను వివాహమాడారు. 1952, 1957 ఎన్నికలలో రాయబరేలీ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఆ రోజుల్లో రైల్వేలకు టెల్కో కంపెనీ ఇంజన్లు తయారుచేసేది. జపాను ఇంజను ధరకు దాదాపు రెట్టింపు తీసుకుంటున్నారని, కంపెనీని జాతీయం చేయాలని ఫిరోజ్ వాదించారు. టాటాలూ పార్శీలే కావడంతో సొంతవారిలోనే కలకలం రేగింది. రైల్వే సొమ్ము ప్రజల సొమ్మని నమ్మిన ఆయన వెనుదీయలేదు.

జీవితబీమా సంస్థ డబ్బును ముంద్రా కంపెనీల వాటాలలో ఎందుకు పెట్టారని 1957 డిసెంబరులో సభలో ప్రశ్నించారు. ఛాగ్లా కమిషన్ విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

సభా కార్యక్రమాలను ప్రచురించే పత్రికలకు రక్షణనిచ్చిన 1956 నాటి చట్టం ఆయన చొరవ ఫలితమే. ఎమర్జెన్సీలో శ్రీమతి ఇందిర ప్రభుత్వమే దానిని రద్దుచేసింది. 1977లో మళ్లీ అమలులోకి వచ్చింది.

1960 సెప్టెంబరు 8న, 48 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు, గుండెపోటుతో కన్నుమూశారు.

కాగితాలు క్షుణ్ణంగా చదివి, ఆపైన లెక్క అడగడం ఆయన పద్ధతి. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.