రాకెట్ ఇంజిన్‌ను కరగనివ్వని ఇంధనం.. ఎవరీ యూజెన్ సాంగర్?

హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు 2025 ఏప్రిల్‌లో ఒక స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ను 1000 సెకన్లకు పైగా మండించి చూశారు. అంతసేపు మండినా అది కరిగిపోకపోవడానికి కారణం లోపల తిరిగే ఇంధనమే. మండాల్సిన ఇంధనమే ముందు ఇంజిన్‌ను చల్లబరుస్తుందన్నమాట. ఈ పద్ధతిని 90 ఏళ్ల కిందటే ఇంజిన్‌లో పెట్టి చూపించిన వాళ్లలో యూజెన్ సాంగర్ ఒకరు.

సాంగర్ 1905లో బొహీమియాలోని ప్రెస్‌నిట్జ్‌లో పుట్టారు. (ఆ ఊరు ఇప్పుడు లేదు, 1970ల్లో ఒక రిజర్వాయర్ కింద మునిగిపోయింది.) చదువుకుంది సివిల్ ఇంజినీరింగే అయినా మనసంతా రాకెట్ల మీదే. వియన్నాలో రాకెట్ విమానంపై థీసిస్ ఇస్తే, ఇదంతా ఊహలేనంటూ పక్కన పెట్టేశారు. చేసేది లేక విమానం రెక్కల నిర్మాణంపై ఇంకో థీసిస్ రాసి డిగ్రీ తెచ్చుకున్నారు. వదిలేసిన ఆ సబ్జెక్టునే 1933లో పుస్తకంగా వేశారు.

అప్పట్లో రాకెట్లకు పెద్ద తలనొప్పి వేడి. ఇంజిన్ లోపల మంట 2,000 డిగ్రీలు దాటుతుంది, ఉక్కేమో 1,500 దగ్గరే కరుగుతుంది. సాంగర్ వియన్నాలో చిన్న ఇంజిన్లు కట్టి, మంట గది చుట్టూ ఇంధనాన్ని ఒత్తిడితో తిప్పారు. అది గోడల వేడిని పీల్చుకుని, ఆ వేడితోనే లోపలికెళ్లి మండేది. వేడి వృథా కాలేదు, గోడా నిలిచింది. సియోల్కోవ్‌స్కీ లాంటి వాళ్లు అంతకుముందే కాగితంపై చెప్పారు కానీ, మండించి చూపించడం వేరే పని.

ఇప్పటి స్క్రామ్‌జెట్ ఇంధనాలు ఇంకో అడుగు ముందుకేశాయి. గొట్టాల్లో వెళ్తుండగానే వేడికి వాటి పెద్ద అణువులు చిన్నవిగా విరుగుతాయి, అందుకు కావాల్సిన వేడిని గోడల నుంచే లాగేస్తాయి. చిన్న అణువులు త్వరగా అంటుకుంటాయి కూడా. ధ్వనికి 5 రెట్ల వేగంలో బయటి గాలే కాలిపోతుంటుంది కాబట్టి, చల్లబరచడానికి దొరికేది ట్యాంకులోని ఇంధనమే.

ఇక్కడి నుంచి సాంగర్ కథ చీకట్లోకి వెళ్తుంది. 1936లో జర్మనీ వైమానిక దళం పిలిస్తే వెళ్లి, ఇరీన్ బ్రెట్ అనే శాస్త్రవేత్తతో కలిసి సిల్బర్‌ఫోగెల్ అనే రాకెట్ బాంబర్ డిజైన్ చేశారు. చెరువులో విసిరిన పెంకులా వాతావరణం అంచున ఎగిరెగిరి అమెరికాపై బాంబు వేయాలన్నది ప్లాన్. అది కాగితం దాటలేదు. యుద్ధం తర్వాత లెక్కలు సరిచూస్తే షాకింగ్ విషయం బయటపడింది. వాతావరణాన్ని మొదటిసారి తాకినప్పుడు పుట్టే వేడిని వాళ్లు చాలా తక్కువ అంచనా వేశారు. ఇంజిన్‌ను కాపాడిన మనిషికి విమానం ఒంటి వేడి దగ్గర లెక్క తప్పింది!

అయినా ఆ రిపోర్టు చదివిన స్టాలిన్, సాంగర్‌ను పట్టుకురమ్మని మనుషుల్ని పంపారు. ఆయన అప్పటికే ఫ్రాన్స్ కోసం పనిచేస్తున్నారు, దొరకలేదు. 1951లో ఇరీన్‌ను పెళ్లి చేసుకుని, తర్వాత స్టట్‌గార్ట్‌లో పరిశోధనా సంస్థను నడిపారు. ఈజిప్టు రాకెట్లకు సాయం చేశారన్న వివాదంలో ఆ పదవీ పోయింది. 1964 ఫిబ్రవరి 10న 58 ఏళ్ల వయసులో బెర్లిన్‌లో చనిపోయారు.