ఠాకుర్ ఎలా ఠాగూర్ అయ్యారు?

ఈ పాఠం ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు –
• రవీంద్రనాథ్ ఠాగూర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• ఒక భాషలోని పేరు ఇంగ్లీషులోకి వెళ్లి ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• మీ పేరును, మీ ఊరి పేరును ఇతరులు ఎలా రాస్తున్నారో, ఎలా పలుకుతున్నారో గమనించగలుగుతారు.

1. ముందుమాట

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్ ఆ మార్గం మీదే ఉంది. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రమయింది. రైల్వే పనుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇక్కడి ఒక తెలుగు ఇంట్లో సీత అనే అమ్మాయి ఉందనుకోండి. తండ్రి ఆమె పేరును ఇంగ్లీషులో రాస్తాడు. మనవాళ్లు ‘త’ అనే అక్షరానికి టి, హెచ్ రెండూ కలిపి రాస్తారు. హిందీవాళ్లు ఆ రెండక్షరాలను ‘థ’ అని చదువుతారు. బడి పట్టీలో హిందీలో రాసేసరికి సీత కాస్తా ‘సీథా’ అవుతుంది. ఎవరూ కావాలని మార్చలేదు. అయినా పేరు మారింది.

ఇలాంటి అనుభవం మీకూ ఉండవచ్చు. ప్రపంచమంతా ఎరిగిన ఒక మహాకవి ఇంటిపేరుకు కూడా ఇదే జరిగింది. ఆ కవి జీవితంలో బిలాస్‌పూర్ స్టేషనుకూ ఒక చోటుంది. ఆ వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

2. ఇంటిపేరు కథ

రవీంద్రనాథుని పూర్వీకుల ఇంటిపేరు కుశారి. వారు బ్రాహ్మణులు. 17వ శతాబ్దం చివరి కాలంలో పంచానన్ కుశారి అనే పూర్వీకుడు సొంత ఊరు విడిచి, గంగ ఒడ్డున, ఇప్పటి కలకత్తా ఉన్న చోటికి వచ్చాడని చెబుతారు. అక్కడ ఉండేవారు ఎక్కువమంది జాలరులు. బ్రాహ్మణుడు కాబట్టి వారు ఆయనను గౌరవంగా ‘ఠాకుర్’ అని పిలిచేవారు. ఆ మాటకు స్వామి, దేవుడు అని అర్థం. మనం ‘అయ్యవారు’ అన్నట్లే అనుకోవచ్చు.

పంచానన్ ఇంగ్లీషు ఓడలకు సరుకులు అందించేవాడు. ఓడలవాళ్లు చుట్టుపక్కలవారి పిలుపు విని, అదే ఆయన పేరనుకున్నారు. అలా గౌరవ పదం ఇంటిపేరయింది. ఇంగ్లీషు నోట అది ‘టాగోర్’ అయింది.

ఈ మార్పు ఎలా జరిగిందో చూద్దాం. ఇంగ్లీషులో ‘ఠ’ అనే అక్షరం లేదు. కాబట్టి అది ‘ట’ అయింది. మధ్యలోని ‘క’ కాస్తా ‘గ’గా మారింది. చివరనున్న ‘ఉర్’ను వారు ‘ఓర్’ అని రాసుకున్నారు. ఈ చివరి మార్పు మనకు కొత్త కాదు. మన నెల్లూరు ఇంగ్లీషులో ‘నెల్లోర్’ అయింది. మైసూరు ‘మైసోర్’ అయింది. ఊరు ఏదైనా ఇంగ్లీషు రాతలో చివర ‘ఓర్’ చేరింది.

రవీంద్రుని తాత ద్వారకానాథ్ గొప్ప వ్యాపారి. ఆయన 1834లో ఒక ఇంగ్లీషు భాగస్వామితో కలిసి కార్, టాగోర్ అండ్ కంపెనీని స్థాపించారు. వ్యాపార పత్రాల మీద ఇంగ్లీషు రూపమే నిలిచింది. ఇంట్లో మాత్రం వారు ఠాకుర్లుగానే ఉండిపోయారు.

మరి మన తెలుగులో? మనం ‘ఠాగూర్’ అంటున్నాం. ఇందులో ‘ఠ’ బెంగాలీది, ‘గ’ ఇంగ్లీషుది. బయటికి వెళ్లిన మాట తిరిగి వచ్చేటప్పుడు రెండు చోట్ల గుర్తులనూ వెంట తెచ్చుకుంది.

3. బాల్యం, చదువు

రవీంద్రనాథ్ 1861 మే 7న కలకత్తాలోని జొరాసాంకో భవనంలో పుట్టారు. తండ్రి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. బడి నాలుగు గోడలు ఆయనకు నచ్చలేదు. ఇంటి దగ్గరే ఎక్కువగా చదువుకున్నారు. 1878లో చదువు కోసం ఇంగ్లండు వెళ్లారు కాని, పట్టా తీసుకోకుండానే తిరిగి వచ్చారు. బడి సరిగా సాగనివారు జీవితంలో చదువరులు కాలేరనుకోవడం పొరపాటని ఆయన జీవితం చెబుతుంది.

1883లో ఆయన పెళ్లి జరిగింది. భార్య పుట్టింటి పేరు భవతారిణి. అత్తవారింట ఆమెకు మృణాళిని అని కొత్త పేరు పెట్టారు.

1901లో శాంతినికేతన్‌లో రవీంద్రులు ఒక బడి ప్రారంభించారు. చెట్ల నీడన, పిల్లలు స్వేచ్ఛగా నేర్చుకునే బడి అది. మరుసటి ఏడాది మృణాళిని మరణించారు. 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్న కొడుకు శమీంద్రుడు కన్నుమూశారు. ఇన్ని దుఃఖాల మధ్య కూడా ఆయన రాయడం మానలేదు, బడి మూయలేదు.

4. కవికి వచ్చిన కీర్తి

‘గీతాంజలి’ 1910లో బెంగాలీలో వెలువడింది. రవీంద్రులు తన గీతాలు కొన్నింటిని తానే ఇంగ్లీషు వచనంలోకి మార్చారు. ఆ పుస్తకం అదే పేరుతో 1912లో లండనులో అచ్చయింది. 1913లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఆసియా వాసికి దక్కడం అదే మొదటిసారి. ప్రపంచమంతా ‘టాగోర్’ అనే పేరు మారుమోగింది.

1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో సైనికులు నిరాయుధులైన జనంపై కాల్పులు జరిపారు. ఆ మే నెలాఖరున రవీంద్రులు వైస్రాయికి లేఖ రాసి, ఆ బిరుదు తనకు వద్దన్నారు. ఇంగ్లీషువారి నోట మారిన ఇంటిపేరును ఆయన అభ్యంతరం లేకుండా వాడుకున్నారు. వారు పేరుకు ముందు తగిలించిన గౌరవాన్ని మాత్రం తన ప్రజల అవమానం ముందు నిలుపుకోలేకపోయారు. ఈ తేడాను మీరు గమనించాలి.

5. బిలాస్‌పూర్ కవిత

1918లో వెలువడిన ‘పలాతక’ అనే సంపుటిలో ‘ఫాంకి’ అనే కథాకవిత ఉంది. ఫాంకి అంటే మోసం. కథ ఇది.

బిను అనే ఇరవై మూడేళ్ల ఇల్లాలికి జబ్బు చేసింది. గాలి మార్పు కోసం భర్త ఆమెను రైలులో తీసుకువెళ్లాడు. బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ఆరు గంటలు కాచుకోవాలి. అక్కడ రుక్మిణి అనే కూలి భార్య బినుతో తన కష్టం చెప్పుకుంది. కూతురి పెళ్లికి ఇరవై అయిదు రూపాయలు కావాలి. ఆ డబ్బు ఇమ్మని బిను భర్తను కోరింది. అతడు సరేనని చెప్పి, చాటుగా రుక్మిణిని గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేశాడు.

రెండు నెలలకు బిను చనిపోయింది. ఆ మోసం భర్త మనసును తొలిచేసింది. అప్పు తీర్చాలని మళ్లీ బిలాస్‌పూర్‌లో దిగాడు. రుక్మిణి ఎక్కడ అని అడిగితే ఆ పేరు ఎవరికీ తెలియలేదు. ఝమ్రూ కూలి భార్య అని చెప్పాకే గుర్తుపట్టారు. కాని వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. స్టేషను పెద్దబాబు కసురుకున్నాడు. టికెట్ బాబు నవ్వుతూ ఎక్కడెక్కడి దూరపు ఊళ్ల పేర్లో చెప్పాడు. అప్పు తీరకుండానే మిగిలిపోయింది.

ఈ కవితను బిలాస్‌పూర్ స్టేషనులో ఫలకం మీద రాసి పెట్టారు. ఠాకుర్ పేరు మారినా లోకం మరచిపోలేదు. రుక్మిణి పేరు మారలేదు, కాని ఆమె పనిచేసే చోటనే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేరును గుర్తుపెట్టుకున్నది కవి ఒక్కరే.

6. తెలుగునాట రవీంద్రులు

1919లో రవీంద్రులు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాశారు. 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసాలు ఇచ్చారు. గీతాంజలిని తెలుగులోకి అనువదించిన వారిలో చలం ఒకరు.

1921లో శాంతినికేతన్‌లో విశ్వభారతి ఏర్పడింది. 1941 ఆగస్టు 7న, పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే రవీంద్రులు కన్నుమూశారు. 1950లో ‘జనగణమన’ మన జాతీయగీతమయింది. బంగ్లాదేశ్ జాతీయగీతం కూడా ఆయన రాసిందే.

7. మనం గ్రహించవలసింది

ఇంగ్లీషువారి రాతలో శ్రీకాకుళం ‘చికాకోల్’, కాకినాడ ‘కోకనాడ’, మచిలీపట్నం ‘మసులిపటం’ అయ్యాయి. కొన్ని పేర్లు తిరిగి సొంత రూపానికి వచ్చాయి. ‘కలకత్తా’ 2001లో ఇంగ్లీషులోనూ ‘కోల్‌కతా’ అయింది. కొన్ని మారిన రూపంలోనే స్థిరపడ్డాయి. ‘ఠాగూర్’ అటువంటిదే. మనం కూడా ‘స్టేషన్’ను ‘టేసను’ చేసుకున్నాం. పరాయి మాటను తన నోటికి అనువుగా మలచుకోవడం ప్రతి భాషా చేసే పనే.

అయితే కాగితం మీద పేరు తప్పితే పింఛనుకు, సర్టిఫికెట్టుకు ఇబ్బంది కలుగుతుంది. కాబట్టి మీ పేరు ఎక్కడ ఎలా రాశారో చదివి చూసుకోండి. తప్పుంటే వెంటనే దిద్దించండి. ఎదుటివారి పేరును కూడా అడిగి తెలుసుకుని, సరిగా పలకండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. ‘ఠాకుర్’ అనే మాటకు అర్థం ఏమిటి? అది ఇంటిపేరుగా ఎలా మారింది?
2. ‘టాగోర్’, ‘నెల్లోర్’ అనే రూపాలలో ఉన్న పోలిక ఏమిటి?
3. బిను భర్త మళ్లీ బిలాస్‌పూర్‌కు ఎందుకు వచ్చాడు? అతని అప్పు ఎందుకు తీరలేదు?
4. మీ ఇంట్లోని వారి పేర్లను తెలుగులో రాయండి. రేషన్ కార్డులో ఎలా ఉన్నాయో వాటితో పోల్చి చూడండి.