కవికోకిల గుఱ్ఱము జాషువ : ఆయన కవితలో బాల్యము



మహాకవుల చరిత్రములను వ్రాయువారు వారు పొందిన సన్మానములతో ఆరంభించి, వారు రచించిన గ్రంథముల పట్టికతో ముగించుట పరిపాటి. గుఱ్ఱము జాషువ కవి చరిత్రమును మాత్రము ఆయన బాల్యమునుండియే ఆరంభింపవలెను. ఆ లేబ్రాయమున తగిలిన గాయమును, ఆ వయసున అంకురించిన కళాభిలాషను ఎఱుగనివారికి ఆయన కవిత్వము సగమే బోధపడును.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండయందు జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమ్మ మాదిగ కులమున పుట్టిన సాధ్వి. వీరయ్య క్రైస్తవ మతబోధకుడు. వేర్వేరు కులములవారు దంపతులగుట ఆనాటి లోకమునకు కంటగింపు. పెద్దలు చూపిన సాహసమునకు శిక్షను పసివాడు అనుభవింపవలసివచ్చెను.

బడికి పోవునంతవఱకు బాలునకు ఆటపాటలతోనే ప్రొద్దు గడచినది. బడిగడప ద్రొక్కిన నాడు గదా తనకొక కులమున్నదనియు, అది యితరులకు ఈసడింపదగినదనియు తెలియవచ్చినది! తోడి విద్యార్థులేగాక, విద్య గఱపవలసిన ఉపాధ్యాయులును కులమునెత్తి ఎగతాళి చేసిరి. ఆ బాలుడు తలవంచుకొని పోవువాడు గాడు. మాటకు మాట బదులుచెప్పువాడు. ఆ ఎదురుమాటయే పిమ్మట ఛందస్సు నేర్చి పద్యమైనదనిన అతిశయోక్తి గాదు.

చిన్ననాటనే ఆయనకు బొమ్మలు గీయుటయందును, పాటలు పాడుటయందును నేర్పు కలిగినది. బాల్యమిత్రుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి సాంగత్యమున కవితాసక్తి పెరిగెను. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి కడ మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చదివెను. ద్వారములు పెక్కు మూయబడిన ఆ కాలమున ఒక శాస్త్రిగారు ఈ యువకునకు కాళిదాసును బోధించుట సామాన్యమగు ఉపకారము గాదు. అయినను అందఱును అట్టివారు కారు. వినుకొండలో జరిగిన యొక అవధానసభలో జాషువ పద్యములు చదువగా, ఇట్టివానిని సభలోనికేల రానిచ్చితిరని కొందఱు ఆయనను అవమానించిరి. పద్యము బాగుగ నున్నదా లేదా యని విచారింపక, చదివినవాడెవ్వడని విచారించిన సభ యది.

1910లో మరియమ్మగారితో వివాహమయ్యెను. బ్రతుకుతెరువునకై మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతమునకు పనిచేసెను. ఆ యుద్యోగము పోగా రాజమహేంద్రవరము చేరి, మాటలులేని చలనచిత్రములు ఆడుచుండగా తెరప్రక్క నిలిచి కథను చదివి వినిపించెను. పిదప గుంటూరులో లూథరను ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు బోధకుడుగ నుండెను. చదువుకొనునాడు బడిలో నొచ్చినవాడే బడిపంతులై పిల్లల నడుమ నిలిచెను.

అట్టి కవి బాల్యమునుగూర్చి వ్రాయునప్పుడు నిష్ఠురములే వ్రాయునని మనమనుకొందుము. కాని ఆయన ఖండకావ్యములలో శిశువునుగూర్చిన పద్యములు చదువుడు! అందు పగ లేదు. చేదు లేదు. ఉయ్యాలలోని పసికందు ఆయన కంటికి మాటలాడని మునివలె కనబడెను. ఎచ్చటినుండి వచ్చెనో ఎవ్వరును చెప్పజాలని క్రొత్త అతిథివలె తోచెను. ఆ యతిథి ఊరు తెలియదు, భాష తెలియదు. మఱి కులమెట్లు తెలియును? తల్లి ఒడిలోని బిడ్డను నీవెవ్వరివాడవని అడుగక ముద్దాడెడి లోకము, ఆ బిడ్డ పలకబట్టిన దినముననే ఆ ప్రశ్న నడుగుచున్నది. జాషువ దీనిని వాదించి చెప్పలేదు. శిశువు సౌందర్యమును చూపి, తీర్పును చదువరికే విడిచెను. గిజిగాడు మొదలగు చిన్నప్రాణులపై ఆయన చెప్పిన పద్యములందును ఈ బాలదృష్టియే కలదు. ఏ గురువుచేత ఈసడింపబడెనో ఆ గురుపీఠముననే నేడు ఆయన పద్యములు పాఠములైనవి.

ఉయ్యాలవలె కులమునడుగని చోటు మఱియొకటి కలదు, అది వల్లకాడు. శ్మశానవాటినిగూర్చి జాషువ చెప్పిన పద్యములలో, రాజును పేదయు, అంటరానివాడును అంటరాదన్నవాడును ఒక్కచోటనే పరుండుదురు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమునందు, సర్పదష్టుడైన లోహితాస్యుని చేతులపై మోసికొని చంద్రమతి వచ్చు కాటిరంగమున నటులు ఈ పద్యములను చేర్చి పాడసాగిరి. జనులు వన్సుమోరని కేకలువేసి మరల మరల పాడించుకొనిరి. అక్షరము రానివారును చెవినబడిన మాత్రమున వానిని కంఠస్థము చేసిరి. ఇట్లు గ్రంథమునందలి పద్యము పల్లెపాటయై పొలముగట్లకెక్కెను. ఉయ్యాలయందు లేని భేదము, కాటియందు లేని భేదము, నడుమనున్న నాలుగునాళ్ళలో ఎట్లు వచ్చెనన్నదే ఆయన జీవితమంతయు అడిగిన ప్రశ్న.

1941లో వెలువడిన గబ్బిలము ఆ ప్రశ్నకు మహారూపము. హనుమచ్ఛాస్త్రిగారి కడ చదివిన మేఘసందేశము దానికి మూలము. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపగా, జాషువ సృజించిన అరుంధతీసుతుడు గబ్బిలమును శివుని కడకు పంపెను. ఏలయన, తనకు ప్రవేశములేని గుడిలో గబ్బిలమునకు చోటున్నది.

ఆయనకు ఘనతలు ఆలస్యముగనైనను వచ్చినవి. నాడు సభలో అవమానింపబడినవాని పాదమునకు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు గండపెండేరము తొడిగిరి. 1964లో క్రీస్తుచరిత్రమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆ యేటనే శాసనమండలి సభ్యత్వము దక్కెను. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చెను. 1971 జూలై 24వ తేదీన గుంటూరునందు దివంగతుడయ్యెను. కుమార్తె హేమలతాలవణముగారు జోగినీ దురాచార నిర్మూలనమునకై శ్రమించి తండ్రి ఆశయమును కార్యరూపమున నిలిపిరి.

సోదరులారా! ఆనాడు దరికి రానీయని బాలుని నేడు అందఱును మావాడనుచున్నారు. మనమును అట్లే అనుచున్నాము. కాని మహాకవియైన పిదప మావాడనుట సులభము. పలకబట్టి గుమ్మమున నిలిచిననాడు మావాడనుటయే కష్టము. మన వీధులలో బొమ్మ గీయు బిడ్డలును, పద్యము పాడు బిడ్డలును నేడును కలరు. వారికొక పుస్తకము, ఒక వసతిగృహము, ఒక హనుమచ్ఛాస్త్రివంటి గురువు దొరకునట్లు చూచుట పోషకులయిన మీ చేతిలోని పని. ఏ బిడ్డయు బడిగడపయొద్ద కన్నీరు పెట్టని దినమే జాషువకు మనము సమర్పింపగల నిజమైన గండపెండేరము.