నిస్తారమును వెదకిన కవి: పురుషోత్తమ చౌదరి

అనంతపురపు పీఠభూమి వానకు దూరమైన నేల. నైరృతి ఋతుపవనములు తమ భారమును పడమటి కనుమల కావలనే దించుకొనును. ఈశాన్య ఋతుపవనములు కోస్తాను దాటి ఇచ్చటికి చేరుసరికి బలము తగ్గును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. అదియు వేళకు కురియునని నమ్మకము లేదు. విత్తినవాడు కోయుదునని నిశ్చయముగా పలుకజాలని సీమ ఇది. అట్టి సీమలో, గుత్తి, అనంతపురము పరిసరముల క్రైస్తవులు ఆదివారమునాడు పాడు కీర్తనలలో పెక్కింటికి విషయము నిశ్చయమే. మరణానంతరము తన గతి యేమి? దానిని మనుజుడు బ్రతికియుండగనే ఎరుగవచ్చునా? ఈ ప్రశ్నను తెలుగు రాగతాళములలో నిలిపిన కవులలో మొదట పేర్కొనదగినవాడు పురుషోత్తమ చౌదరి. ఆయన రాయలసీమవాడు కాడు. పుట్టుకచేత తెలుగువాడును కాడు.

చౌదరి 1803లో గంజాము మండలమునందలి మదనాపురములో ఒక వంగ బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. గంజాము నాడు మదరాసు రాజధానికి ఉత్తరపు సరిహద్దు. ఓఢ్రము, తెలుగు కలిసి వినవచ్చు ప్రదేశము. దక్షిణమునుండి పూరీ జగన్నాథమునకు పోవు యాత్రికుల బాట ఆ మండలముగుండనే సాగెడిది. పాపభారముతో పోయి, దర్శనము చేసికొని, తేలికపడిన మనస్సుతో మరలవలెనని ఆశించు వేలాది జనుల నడుమ ఆ బాలుడు పెరిగెను. భక్తి ఆయనకు కొత్తగా ఎవరో నేర్పినది కాదు. ఇంటినుండి వచ్చిన సొత్తు.

అయితే ఆ భక్తికి తోడుగా ఒక శంకయు పెరిగెను. జపము చేయవచ్చును, దానము చేయవచ్చును, తీర్థములాడవచ్చును. కాని చేసినది చాలునని చెప్పువారెవరు? ఈ శంక ఒక్క మతమువారికే పరిమితమైనది కాదు. ఐరోపాలో లూథరును మఠములో నిద్రింపనీయనిది ఇదియే. 1547లో ట్రెంటు మహాసభలో కతోలికులు, ప్రత్యేకముగా దైవము తెలిపిననే తప్ప, తాను రక్షింపబడితినని ఎవడును సంపూర్ణ నిశ్చయముతో చెప్పుకొనరాదని తీర్మానించిరి. ప్రొటెస్టంటులు దానిని ఒప్పుకొనలేదు. రక్షణ మనుజుని క్రియలకు కూలి కాదనియు, క్రీస్తు మరణమువలన కలిగిన ఉచితకృప యనియు, విశ్వసించినవాడు ఆ మాటపై ఆధారపడి నెమ్మది పొందవచ్చుననియు వారి బోధ. ఈ బోధను తెలిపెడు చిన్న పుస్తకములు పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములలో తెలుగులో అచ్చై సంతలలోను తీర్థములలోను పంచబడుచుండెను. అట్టివి చౌదరి చేతికిని వచ్చెను.

చదివినంతనే ఆయన మారలేదు. చాలకాలము విచారించి, వాదించి, తుదకు 1833లో కటకము చేరి, అచ్చటి బాప్టిస్టు మిషనరీలవద్ద బాప్తిస్మము పొందెను. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు. ఆ మిషను 1822 నుండి ఒరిస్సాలో పనిచేయుచుండెను. అది జనరల్ బాప్టిస్టులనబడు శాఖకు చెందినది. క్రీస్తు ఏర్పరుపబడిన కొందరికొరకే గాక సర్వజనులకొరకును మరణించెనని చెప్పుటయే ఆ పేరునకు కారణము.

ఆ నిర్ణయమునకు చెల్లింపవలసిన మూల్యము స్వల్పము కాదు. కులము పోవును, పంక్తి పోవును, పిలుపులు నిలిచిపోవును. మతము మారినవాడు వారసత్వపు హక్కును కోల్పోకుండ దేశమంతటికి వర్తించు చట్టము 1850లో గాని రాలేదు. కావున 1833లో బ్రాహ్మణుడు క్రైస్తవుడగుట యన్న, కానరాని లోకముపై నమ్మికతో కనుపించు లోకమును చేజార్చుకొనుటయే. నిశ్చయము ఆయనకు తర్కములో తేలిన మాట మాత్రమే కాదు. దానిపై తన జీవితమునే పణముగా ఒడ్డెను.

తరువాతి ఐదు దశాబ్దములకు పైగా ఆయన ప్రబోధకుడుగను రచయితగను ఉండెను. ఉత్తర సర్కారులే ఆయనకు ముఖ్య కార్యక్షేత్రము. నిస్తారరత్నాకరము, ముక్తిమార్గ ప్రదర్శనము, కులాచార పరీక్షణము, యేసునాయక శతకము ఆయన కృతులలో ప్రసిద్ధములు. ఈ పేర్లను విద్యార్థులు గమనింపవలెను. నిస్తారమనగా దాటుట, ముక్తియనగా విడుదల. రెండును ఈ దేశపు పాత పదములే. సంసారసాగరమును దాటవలెనని తరతరములుగా కోరుచున్న వారికి, ఆ కోరికను తెలుపు మాటతోనే చౌదరి కొత్త అర్థమును అందింపజూచెను. మాటను మార్చలేదు, దాటించువాని పేరును మార్చెను. కులమును, విగ్రహారాధనమును విమర్శించునప్పుడు ఆయన కలము కటువుగా నడచిన తావులు కలవు. అవి నేటి చదువరులకు నొప్పి కలిగింపవచ్చును. తాను విడిచివచ్చిన యింటిని గూర్చి వాదించువాని స్వరములో వినబడు తీవ్రత అది.

కాని జనహృదయమున నిలిచినవి వాదగ్రంథములు కావు, కీర్తనలు. అవి నూటికి పైగా కలవు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలను అతికించుట మిషనరీలకు వాడుకగా నున్న కాలములో ఆయన కర్ణాటక రాగములను, తాళములను, పల్లవి చరణముల పొందికను గ్రహించెను. అక్షరము రానివారు సైతము వానిని విని నేర్చుకొనగలిగిరి. ఆ కీర్తనలలో ఒక విశేషము కలదు. నిశ్చయమును బోధించిన ఆ కవియే కొన్నింట పాపినని విలపించును, శరణని మొరపెట్టును, మరణమును తలచి వణకును. ఇది విరోధము కాదు. ఆయన దృష్టిలో నిశ్చయమనగా తన బలముపై ధీమా కాదు. తన బలహీనత నెరిగి మరియొకని చేయి పట్టుకొనుట. భయమును దాచని పాట గనుకనే అది భయపడువారికి చేరెను.

ఆయన వృద్ధుడై యుండగా 1876-78 నాటి మహాక్షామము వచ్చెను. అప్పటి అనంతపురము బళ్లారి మండలములో భాగము. 1882లో గాని ప్రత్యేక మండలము కాలేదు. పంటలు మాడెను, పశువులు చచ్చెను, 1871 జనాభా లెక్కలకంటె 1881 లెక్కలలో ఆ మండలపు జనసంఖ్య మిక్కిలి తగ్గెను. క్షామము క్రైస్తవ సంఘముముందును కఠినమైన ప్రశ్నను ఉంచెను. వచ్చువాడు రక్షణకు వచ్చుచున్నాడా, గంజికి వచ్చుచున్నాడా? ఒంగోలులో క్లౌ దొర సాయము సాగినంత కాలము బాప్తిస్మములను నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకొన్నవాని హృదయమును తూచు తక్కెడ లేదు. చౌదరి సమస్తమును పోగొట్టుకొని నమ్మెను. వీరు సమస్తమును పోయిన పిదప నమ్మిరి. ఇరువురును పాడినది అవే కీర్తనలు.

చౌదరి 1890లో, ఎనుబదియారవ యేట కన్ను మూసెను. ఆయన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను సంపుటములో చేరి, బాప్టిస్టు, లూథరన్ భేదములు లేక తెలుగు సంఘములన్నిటికిని ఉమ్మడి సొత్తైనవి. లండన్ మిషను నాటిన రాయలసీమ సంఘములు 1947లో దక్షిణ ఇండియా సంఘములో కలిసినను ఆ పాటలు మారలేదు. అనంతపురపు మెట్టపొలములో వేరుసెనగ విత్తి మబ్బుకై చూచు రైతుకు వాన నిశ్చయము కాదు, పంట నిశ్చయము కాదు. ఆదివారమునాడు అతడు నోరార పాడు నిశ్చయము మరియొకటి. దానికి మాటలు కూర్చినవాడు తన ముప్పదవ యేట ఇల్లు విడిచిన గంజాము బ్రాహ్మణుడు.