గిటారునకు గొంతు నిచ్చిన చార్లీ క్రిస్టియన్

మన వీణవలెనే తీగలను మీటి పలికించు వాద్యము గిటారు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికాలోని జాజ్ మేళములందు దాని స్థానము మిక్కిలి చిన్నది. బాకాలు, డ్రమ్ములు మ్రోగుచుండగా దాని నాదము వినవచ్చెడిది కాదు. లయకు తోడుపడుటయే గిటారు వాద్యకుని పని. ఆ వాద్యమును ముందువరుసకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు చార్లీ క్రిస్టియన్.

ఆయన 1916 జూలై 29వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి బోనమ్ పట్టణమున, నల్లజాతి కుటుంబమున జన్మించెను. బాల్యము ఓక్లహోమా నగరమున గడచెను. తండ్రి సంగీతజ్ఞుడు, చూపు కోల్పోయినవాడు. కుమారులను వెంటబెట్టుకొని వీథులలో వాయించి కుటుంబమును పోషించెడివాడు. ఆ వీథులే చార్లీకి తొలి సంగీత పాఠశాల. చుట్టల పెట్టెలకు తీగలు బిగించి ఆ బాలుడు తన వాద్యములను తానే చేసికొనెడివాడు.

1936లో గిబ్సన్ కంపెనీవారు విద్యుత్ గిటారును విక్రయింప మొదలిడిరి. అందు ఉక్కుతీగ కంపించినప్పుడు, దాని క్రింద అయస్కాంతముతో కూడిన తీగచుట్టలో స్వల్పముగా విద్యుత్తు పుట్టును. యంత్రము దానిని హెచ్చించి ధ్వనిగా మార్చును. అట్టి గిటారును అంతకుముందు వాయించినవారు లేకపోలేదు. చార్లీ మాత్రము సాక్సఫోన్ వాద్యకునివలె ఒక్కొక్క స్వరమును పేర్చి, దీర్ఘమైన సంగీత వాక్యములను దానిపై అల్లెను.

1939 ఆగస్టులో జాన్ హామండ్ అను సంగీత విమర్శకుడు ఆయనను లాస్ ఏంజెలెస్ ప్రాంతమునకు రప్పించి, ప్రసిద్ధుడైన బెన్నీ గుడ్‌మన్‌కు పరిచయము చేసెను. గుడ్‌మన్ మొదట ఆదరము చూపలేదు. ఆ రాత్రి వేదికపై 'రోజ్ రూమ్' అను పాట నెత్తుకొనగా, చార్లీ వరుస వెంట వరుసగా నూతన కల్పనలు చేయుచు పోయెను. పాట నలువది నిమిషములకు పైగా సాగినదని ప్రతీతి. అంతటితో ఆయనకు ఆ మేళమున స్థానము లభించెను.

కొలువు ముగిసిన పిమ్మట న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో, మింటన్స్ అను వినోదశాలయందు థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ మున్నగు యువకులతో కలిసి రాత్రులు వాయించెడివాడు. బీబాప్ అను నవీన రీతికి అచ్చటనే పునాది పడెను.

ఇంతలో క్షయవ్యాధి ఆయనను క్రుంగదీసెను. 1942 మార్చి 2వ తేదీన స్టేటన్ ఐలండ్ చికిత్సాలయమున, 25 ఏండ్ల ప్రాయమున దివంగతుడయ్యెను. గుడ్‌మన్ మేళమున పనిచేసిన కాలము రెండేండ్లకు మించదు.

అయినను ఆ రికార్డులు మిగిలెను. ఇండియానాపొలిస్ నగరమున వెస్ మాంట్‌గొమెరీ అను యువకుడు వాటిని విని, స్వరము వెంట స్వరము అభ్యసించెను. అతడే 1959లో గిటారు, ఆర్గన్, డ్రమ్ములు మాత్రమే గల ముగ్గురి మేళముతో ఆల్బమ్ వెలువరించెను. అందు ముందు నిలిచి పలికినది గిటారే. చార్లీ ఆ ముగ్గురిలో ఎవరికిని పాఠము చెప్పినవాడు కాడు, విన్నవారికెల్ల గురువైనవాడు.