సర్ గురుదాస బెనర్జీగారి జీవితము

న్యాయశాస్త్రమును జీవనోపాధికై చదువువారు పెక్కండ్రు; శాస్త్రము కొఱకే చదువువారు కొందఱు. వకీలుగను, పరిశోధకులుగను, న్యాయమూర్తిగను సమానఖ్యాతి గాంచిన సర్ గురుదాస బెనర్జీగారు వంగదేశీయులు. అయినను వారి చరిత్రము మన నూజివీటి ప్రాంతమువారికి మిక్కిలి యుపకరించునని తలంచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1844వ సంవత్సరము జనవరి 26వ తేదీన కలకత్తాలోని నారికేళడాంగాయందు జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. తల్లి సోనామణీదేవి లేమిలోను ధర్మము తప్పక, గారాబము చేయక, కుమారుని విద్యావంతుని గావించిరి. వారు గణితమున ఎం.ఏ. పట్టమును, పిదప బి.ఎల్. పట్టమును బడసి, బర్హంపూరు కళాశాలలో బోధించుచు అచ్చటనే వకీలుగా నుండిరి. 1872లో కలకత్తా హైకోర్టు చేరిరి.

వృత్తి వృద్ధియగుచుండగా చదువు మానుట లోకసామాన్యము. వీరట్లుగాక, ముప్పది యేండ్లు దాటిన పిమ్మట, సంసారభారము వహించుచునే, కలకత్తా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర డాక్టరు పట్టమును సంపాదించిరి. 1878లో టాగూరు న్యాయశాస్త్రాచార్యులుగా నియమింపబడిరి. ఈ పీఠము ప్రసన్నకుమార టాగూరుగారు తమ మరణశాసనమున విడిచిన ధనముతో నేర్పడినది. ఒక దాత విడిచిన సొమ్ము ఏటేట నొక పండితునిచే శాస్త్రశోధనము చేయించుచుండెను. దాతృత్వమున కింతకంటె మంచి వినియోగమేమున్నది?

వీరు గైకొన్న విషయము హిందూ వివాహధర్మము, స్త్రీధనము. ఆ యుపన్యాసములు 1879లో గ్రంథరూపమున వెలువడెను. యాజ్ఞవల్క్యస్మృతిలో స్త్రీధనమును చెప్పుచోట నున్న ‘ఆద్య’ యను నొక్క పదమే వివాదమూలము. విజ్ఞానేశ్వరులు మితాక్షరయందు దాయముగా వచ్చినదియు, విభాగమున లభించినదియు అందు చేరునని విశాలార్థము చెప్పిరి. వంగదేశమున ప్రమాణమైన దాయభాగమునందు జీమూతవాహనులు సంకుచితార్థము గ్రహించిరి. మన ఆంధ్రదేశము మితాక్షర ననుసరించునది. ఒక పదమునకు చెప్పిన యర్థమునుబట్టి ఒక యాడుబిడ్డ పొలము నిలుచుటయో పోవుటయో సంభవించును. సంస్కృత మూలములను, న్యాయస్థానముల తీర్పులను జోడించి పరిశీలించుటయే బెనర్జీగారి ప్రజ్ఞ.

ఆ దినములలోనే మన నూజివీడు జమీ అవిభాజ్యమా, సోదరులకు విభాగార్హమా యను వ్యాజ్యము లండనులోని ప్రీవీకౌన్సిలు వఱకు నడచి, విభాగార్హమేయని తేలినది. ఉయ్యూరు, మీర్జాపురము మున్నగు జమీ లట్లు వేఱుపడినవి. మన భూములకు సంబంధించిన ధర్మనిర్ణయము సముద్రములకావల జరిగెను. మన శాస్త్రమును మనవారే శోధించుట యెంత యావశ్యకమో దీనివలన తెలియగలదు.

బెనర్జీగారు 1888లో హైకోర్టు న్యాయమూర్తులై 1904 వఱకు నుండిరి. 1890లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు ప్రథమ భారతీయ ఉపాధ్యక్షులై దేశభాషాధ్యయనమునకై వాదించిరి. 1902 నాటి విశ్వవిద్యాలయ సంఘమున సభ్యులైయుండియు, సమ్మతము కాని విషయములందు భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1904లో సర్ బిరుదము నందిరి. 1906లో జాతీయ విద్యాపరిషత్తునకు తోడ్పడిరి. ఉన్నతపదవి నలంకరించియు ఆచారమును, నిరాడంబరతను విడువక, 1918 డిసెంబరు 2వ తేదీన దివంగతులైరి.

తరువాత 1937లోను, 1956లోను స్త్రీల ఆస్తిహక్కును గూర్చిన శాసనములు వచ్చినవి. 1986లో మన రాష్ట్రశాసనము, 2005లో కేంద్రశాసనము కుమార్తెలకును పిత్రార్జితమున సమభాగ మొసంగినవి. శాసనము వచ్చినను సందేహములు తీరలేదు. రసాల తోటలను పంచుకొనునప్పుడు ఆడుబిడ్డలచే విడుదల పత్రములు వ్రాయించుకొనుట నేటికిని మన యిండ్లలో చూచుచున్నాము. ఆ పత్రముల వెనుకనున్న న్యాయాన్యాయములను శోధింపదగిన విద్యార్థులు మనలో లేకపోలేదు. వారికి మూడు నాలుగేండ్లు నిశ్చింతగా గ్రంథాలయమున కూర్చుండు వీలే లేదు.

మామిడి యంటు నాటినవాడు ఆ యేడే కాయ కోరడు. కావున సంఘపోషకులు ఈ మహాసభయందే యొక నిధి నేర్పరచి, న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమునకై పరిశోధించు ఒక విద్యార్థికి, విద్యార్థినియైన మఱియు మేలు, ఏటేట వేతన మొసంగవలెనని ప్రార్థించుచున్నాము. బెనర్జీగారి చరిత్ర చదివినందుకు అదియే ఫలము.